అడిగినవాళ్ళ దారాలు

ఆవిడ అసలు పేరేమిటో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. కాజాలమ్మ అంటే మాత్రం ఎవరైనా వెంటబెట్టుకుని తీసుకెళ్ళి చూపిస్తారు. చొక్కాలకి, కోట్లకి బొత్తాం దూరే కన్నాలు చేత్తో కుట్టడం ఆవిడ పని. వాటినే కాజాలంటారు. మిషను మీద కుట్టిన కాజా నాలుగు ఉతుకులకే నోరు వెళ్ళబెడుతుంది. ఆవిడ కుట్టింది, చొక్కా చిరిగి నేల తుడిచే గుడ్డ అయ్యాక కూడా పెదాలు బిగించుకునే ఉంటుంది. ఆ పేరు పెట్టింది ఆవిడ భర్తే. పెళ్ళయిన కొత్తలో పని నేర్పుతూ "కాజా" అని పిలిచాడు, అదే నిలిచిపోయింది. ఆయన నోట కాజా, ఊరి నోట కాజాలమ్మ.

ఆయన కటింగ్ మాస్టరు. ఊరందరికీ మాస్టారు, ఆవిడకీ మాస్టారే. చెప్పులు బాగుచేసే కొట్టుకీ, మేడమెట్లకీ మధ్య ఇరుకు గది వాళ్ళ కొట్టు. గుడ్డ పరిచే బల్ల, రెండు మిషన్లు, అంచు పగిలిన నిలువుటద్దం, తెర వెనక కాపురం. మాస్టారి మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క స్నానానికి వెళ్ళినప్పుడు తప్ప దిగేవి కావు.

ఆ కొట్లో ఒక పద్ధతుంది. ఎవరైనా వచ్చి లేని సరుకు అడిగితే, ఫలానా రంగు దారమో, ఫలానా రకం బొత్తాలో, "లేదండీ" అని చేతులు దులుపుకోకూడదు. బల్ల పక్కన గోడకున్న మేకుకి ఒక దారం ముక్క కట్టాలి. ఇద్దరడిగితే రెండు ముక్కలు. టోకు కొట్టుకి బయల్దేరే ముందు మాస్టారు ఆ మేకు ముందు నిలబడి చూసుకునేవాడు. సరుకొచ్చి, అడిగిన మనిషి చేతిలో పడ్డాకే దారం కత్తిరించాలి.

"లేదని పంపించేస్తే అడిగినవాడు వెళ్ళిపోతాడు. వాడు అడిగిన సంగతి కూడా వాడితోనే పోతుంది. అది మన దగ్గరుండాలి కాజా" అనేవాడు.

జబ్బు మొదట వకీలుగారి కోటులో బయటపడింది. రెండూ ఎడమ చేతులే కుట్టాడు మాస్టారు. వకీలుగారు అద్దం ముందు నిలబడి, "ఎదుటి పార్టీ దగ్గర ఎంత తీసుకున్నారు మాస్టారూ?" అన్నాడు. అందరూ నవ్వారు, మాస్టారూ నవ్వాడు. రెండో కోటుకీ అలాగే జరిగేసరికి వకీలుగారు ఈసారి ఏమీ అనకుండా మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన నవ్వనందుకే కాజాలమ్మకి భయమేసింది. తర్వాత, కుట్టిన చొక్కా తీసుకుపోదామని వచ్చిన మనిషికి మళ్ళీ కొలతలు తియ్యబోయాడు. ఆ తర్వాత, ముప్ఫై ఏళ్ళు వెళ్ళొచ్చిన టోకు కొట్టుకి దారి తెలియక ఎక్కడో కూర్చుండిపోతే ఎవరో చెయ్యి పట్టుకుని ఇంటికి చేర్చారు.

పెద్దాసుపత్రిలో ఈ మతిమరుపు జబ్బుకి విడిగా ఒక డాక్టరమ్మ ఉంది. చిన్న వయసు, దాపరికం లేని మనిషి. ఉన్నదున్నట్టు చెప్పింది. ఇది నయమయ్యే జబ్బు కాదు. మందు వాడితే కొందరిలో కొంతకాలం నెమ్మదిస్తుంది, అంతే. మాత్రలు రాసిచ్చింది. అవి పడక మాస్టారు తిన్నదంతా కక్కుకున్నాడు. అప్పుడు మందు పట్టీ రాసింది. పెద్ద బొత్తామంత గుండ్రంగా, చర్మం రంగులో ఉంటుంది. రోజుకొకటి, చోటు మారుస్తూ వీపుకి అతికించాలి. అందులోని మందు రోజంతా కొద్దికొద్దిగా ఒంట్లోకి ఇంకుతుంది.

మహత్తేమీ జరగలేదు. కానీ మాస్టారు మళ్ళీ బొత్తాల డబ్బా ముందేసుకుని సైజుల వారీగా ఏరడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నాలు తలెత్తి, "కాజా, టీ పెట్టావా?" అనేవాడు. ఆవిడకి అది చాలు. ఆ ఒక్క పిలుపు నిలబడితే చాలు, మిగతాదంతా తను చూసుకుంటుంది.

నిలబెట్టడానికి ఖరీదుంది. ఒక్క పట్టీ ధర, కళ్ళు సహకరిస్తే, ఆవిడ పొద్దుటినుంచి దీపాలవేళ దాకా కుట్టే కాజాల కూలి. అంటే ఆవిడ ఒక రోజు కష్టం ఆయన వీపు మీద ఒక రోజు అతుక్కునుంటుంది, మర్నాడు పీకి పారెయ్యాలి. మరి ఆ రోజు తిండి ఎవరి వీపు మీంచి రావాలి? ఒక మిషను అమ్మేసింది. కిందటేడు ధర మళ్ళీ పెరిగింది. మందుల షాపాయన ఆవిణ్ణి అక్కా అని పిలిచే మనిషే. "నేనేం చెయ్యనక్కా, పెట్టె మీద అచ్చేసే వస్తుంది" అని తల దించుకున్నాడు.

అచ్చేసేవాడెవడో ఆవిడకి ఎప్పుడూ కనపడడు. వాడికీ ఆవిడ కనపడదు. ఈ జబ్బున్నవాళ్ళు రోడ్డెక్కి అరవలేరు, తమకి జబ్బుందనే గుర్తుండదు. వాళ్ళని చూసుకునేవాళ్ళకి గడప దాటే తీరిక ఉండదు. ధర పెంచేవాడికి ఇంతకంటే నోరులేని బేరం ఎక్కడ దొరుకుతుంది?

మాస్టారి తమ్ముడు మంచివాడే. ఆదివారం వచ్చి, కాసేపు నసిగి, చివరికి కక్కేశాడు.

"నయం కాదని డాక్టరే చెప్పాక ఇంత పోసి ఎందుకు వదినా?"

"నీకు కళ్ళజోడు పెట్టుకుంటే చూపు నయమైందా అబ్బాయ్?"

"లేదు."

"మరి తీసేసి ఇటివ్వు, నేను దారం ఎక్కించుకుంటాను."

అతను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ అతనికి జవాబు చెప్పినంత తేలిక కాదు షాపులో చెల్లించడం. ఆ నెల సగం పట్టీలే కొనగలిగింది.

పొద్దుట వెలుతురులో గుమ్మం దగ్గర కూర్చుని ఆ గుండ్రటి పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది. బతుకంతా గుడ్డ మిగిల్చి బతికిన మనిషి. రెండు మూరలు కావాల్సిన చోట మూరన్నరతో గట్టెక్కించిన చెయ్యి. కొట్లో పీలిక కూడా పారెయ్యరు, కాలరు లోపలికో జేబు సంచికో పనికొస్తుందని దాస్తారు. ఆ చెయ్యి ఏం చేస్తుంది? పట్టీని మధ్యకి మడిచి, గోటితో గీత పెట్టి, చిన్న కత్తెరతో రెండు చేసింది. ఒక ముక్క మాస్టారి వీపుకి. రెండోది కాగితంలో చుట్టి బొత్తాల డబ్బాలో, రేపటికి. దర్జీ పని తెలిసినవాళ్ళు తప్ప ఎవరూ అంత బాగా చెయ్యలేని తప్పది. అంచు వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళు బాగానే ఉన్నట్టనిపించింది. తర్వాత కోసిన అంచు లేచిపోవడం మొదలైంది. గాయాలకి వేసే టేపుతో దాన్ని అదిమింది. ఒకనాడు మాస్టారికి చెమటలు పట్టి కళ్ళు తిరిగేవి, ఒకనాడు గోడవైపు చూస్తూ కూర్చునేవాడు. జబ్బు ముదురుతోందనుకుంది కాజాలమ్మ. ఒక మధ్యాహ్నం బొత్తాల డబ్బా మీంచి తలెత్తి ఆవిణ్ణి మర్యాదగా చూశాడు.

"రండి, కూర్చోండి. మీ కొలతలు ఇచ్చారా? మా ఆవిడ లోపలుంది, వచ్చేస్తుంది."

వేళాకోళమనుకుంది. "ఆవిడొచ్చాక నాకు టీ కూడా ఇప్పించండి" అంది. ఆయన తెరవైపు తిరిగి, "కాజా, ఎవరో వచ్చారు చూడు" అని కేకేశాడు.

ఆవిడ లేచి తెర వెనక్కి వెళ్ళింది. కొంతసేపు అక్కడే నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ బయటికి వచ్చింది. వేరే చెయ్యగలిగిందేమీ లేదు.

ఆ వారంలోనే ఆయన లేవబోయి తూలి పడ్డాడు. నుదురు బల్ల అంచుకి కొట్టుకుంది. పెద్దాసుపత్రిలో చొక్కా విప్పించిన డాక్టరమ్మ, వీపు మీద అర్ధచంద్రంలా ఉన్న ముక్కనీ దాని చుట్టూ టేపునీ చూసి ఆగిపోయింది.

"ఇది ఎవరు కత్తిరించారు?"

"నేనే. సరిగ్గా సగమమ్మా. రెండో సగం డబ్బాలో దాచాను. కావాలంటే కొలుచుకోండి."

డాక్టరమ్మ కొలవలేదు, కోప్పడలేదు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఇది గుడ్డ కాదని చెప్పింది. కోశాక ఎంత మందు ఒంట్లోకి వెళుతుందో ఎవరూ చెప్పలేరు. ఒకనాడు ఎక్కువ, ఒకనాడు ఏమీ లేదు. డబ్బాలో దాచిన ముక్క దాచినచోటే చచ్చిపోతుంది. ఇప్పుడు కొన్నాళ్ళు ఆపి, మళ్ళీ తక్కువ మందుండే చిన్న పట్టీతో మొదట్నుంచీ రావాలి.

"పోయింది తిరిగొస్తుందా అమ్మా?"

"రాకపోవచ్చు. ఉన్నది కొన్నాళ్ళు నిలబడొచ్చు. రోజూ పూర్తి పట్టీ వేస్తేనే."

"పూర్తిగా వెయ్యడం నా చేతిలో ఉంటే కత్తెర ఎందుకు పడతాను?"

దానికి డాక్టరమ్మ దగ్గర మందు లేదు. కింద ఉచిత మందుల కిటికీలో అడగమంది. ఆసుపత్రి తలుచుకుంటే తెప్పించొచ్చంది.

ఆ కిటికీ వెనక కూర్చునే గుమాస్తాని అందరూ 'లేదుగారు' అంటారు. చీటీ ఊచల్లోంచి పూర్తిగా లోపలికి వెళ్ళకముందే ఆయన నోట్లోంచి లేదు బయటికొస్తుంది. కాజాలమ్మకీ అదే జరిగింది.

"ఎప్పుడొస్తుంది బాబూ?"

"రాదు."

"ఎందుకు రాదు?"

"ఎవరూ అడగరమ్మా. అడగని మందు పైవాళ్ళెందుకు కొంటారు?"

"నేను అడుగుతున్నానుగా."

"మీరొక్కరేగా."

వెనక నిలబడ్డ, పాలబూత్ నడిపే ఒకావిడ అది విని, చేతిలో చీటీ మడిచి, వరసలోంచి మెల్లిగా తప్పుకుంది. కాజాలమ్మ ఆవిణ్ణి మెట్ల దగ్గర పట్టుకుంది. ఆ చీటీ మీదా ఈ జబ్బు మందే. తల్లికి. ఎప్పుడో ఒకసారి అడిగిందట, లేదన్నారట, అప్పట్నుంచీ అడగడం మానేసిందట. ఈవేళ మళ్ళీ అడుగుదామని వచ్చిందట.

మెట్ల మీద కూర్చున్నాక కాజాలమ్మకి నోరు ఆగలేదు. "నేను కోసేశాను అమ్మాయ్, సగానికి" అంది. అది మొదటిసారి ఇంకొకరితో చెప్పుకోవడం. పాలబూత్ ఆవిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, తను మాత్ర నీళ్ళలో కరిగించి ఈరోజు సగం, రేపు సగం తాగిస్తున్నానంది. పైమెట్టు మీద కూర్చున్న, గడియారాలు రిపేరు చేసే ఒకాయన అప్పటిదాకా వినీ విననట్టు ఉన్నాడు. ఉన్నట్టుండి, తను అక్కయ్యకి బాగాలేని రోజునే మందు వేస్తున్నానన్నాడు. "ఆగినప్పుడే కదండీ కీ ఇస్తాం" అన్నాడు. ఎవరి వృత్తి వాళ్ళకి నేర్పిన పొదుపు అది. ముగ్గురూ ఏదో దొంగిలించి పట్టుబడ్డవాళ్ళలా తలలు వంచుకుని కూర్చున్నారు. దొంగిలించింది వాళ్ళు కాదన్న సంగతి ముగ్గురికీ ఇంకా తట్టలేదు.

ముందుగా తట్టింది కాజాలమ్మకి. ఇంటికొచ్చి మేకు మీద పాత దారాలు చూస్తుంటే తట్టింది. అడిగినవాళ్ళు లేకపోవడమేమిటి? అడిగారు. లేదనిపించుకుని వెళ్ళిపోయారు. అడిగిన సంగతి కూడా వాళ్ళతోనే పోయింది. ఆ కిటికీకి ఒక మేకు లేదు, అంతే.

మరుసటి వారం ఆవిడ నారింజరంగు దారపు ఉండతో వెళ్ళింది. మందు అడిగింది. లేదన్నాక, ఒక ముక్క తెంపి కిటికీ ఊచకి గట్టిగా ముడేసింది.

"ఇదేంటమ్మా?" అన్నాడు లేదుగారు.

"నేను అడిగినట్టు."

"ఇది ఆసుపత్రనుకున్నారా, మీ కుట్టు కొట్టనుకున్నారా?"

"మా కొట్లో అయితే ఈపాటికి సరుకొచ్చేది."

ఆవిడ వెళ్ళగానే లేదుగారు దాన్ని తెంపేశాడు. మరుసటి వారం మళ్ళీ కట్టింది, పాలబూత్ ఆవిడ ఇంకోటి కట్టింది, గడియారాల ఆయన ఇంకోటి. కోసి, కరిగించి, దాచి, ఆపి, రకరకాలుగా సరిపెట్టుకుంటున్నవాళ్ళు ఆ నోటా ఈ నోటా విని రాసాగారు. నడవలేని ముసలాయన కొడుకుతో కబురు పంపితే ఆయన తరఫున కట్టారు. ఒకటే షరతు పెట్టింది కాజాలమ్మ. ముందు కిటికీలో నోరు తెరిచి అడగాలి, లేదనిపించుకోవాలి, అప్పుడే ముడి. అడక్కుండా కడితే అది అబద్ధం దారం.

లేదుగారు తెంపుతూనే ఉన్నాడు, కొన్నాళ్ళకి చెయ్యి నొప్పెట్టి మానేశాడు. ఊచలు సగం నారింజ రంగుకి తిరిగాయి. "ఒక పక్కకి కట్టండమ్మా, నాకు మనుషుల మొహాలు కనపడాలి" అని విసుక్కున్నాడు. అంతకుముందు మొహాలు చూశాడని ఎవరూ అనుకోలేదు.

ఈ మధ్యలో ఇల్లు ఎలా నడిచిందంటే, ఉన్న ఒక్క మిషనూ అద్దెకిచ్చింది. మరిదిని మొహమాటం లేకుండా అడిగింది, అతనూ లేదనలేదు. చిన్న పట్టీలు, పూర్తివి, కోయకుండా. అయినా నెలాఖరు రోజులు ఖాళీగానే గడిచేవి. మాస్టారు ఆవిణ్ణి "ఏమండీ" అనే పిలుస్తున్నాడు. కాజా ఎప్పుడూ తెర వెనకే ఉంది.

ఒకరోజు ఆయన్ని చూసుకునేవాళ్ళెవరూ దొరక్క వెంటబెట్టుకుని వెళ్ళింది. మెడలో టేపుతో, ఇస్త్రీ చొక్కాతో, నుదుటి మీద మానిన మచ్చతో మాస్టారు వరసలో బుద్ధిగా నిలబడ్డాడు. కిటికీ దగ్గరికి రాగానే ఆయన చూపు దారాల మీద పడింది. చెయ్యి చాపి ఒక ముడి తడిమాడు. ఇంకోటి. వేళ్ళతో విడదీస్తూ వరసంతా చూశాడు. నడుం నిటారుగా అయింది.

"ఇవన్నీ ఎవరు అడిగినవి?" అన్నాడు ఊచల్లోంచి.

లేదుగారు తడబడ్డాడు. "మందు కోసం వచ్చినవాళ్ళండీ."

"సరుకు తెప్పించలేదేం?"

లేదుగారు కాజాలమ్మ వైపు చూశాడు. ఆవిడ సాయం చెయ్యలేదు.

"ఇన్ని దారాలు వేలాడుతుంటే నువ్విక్కడ కూర్చున్నావేం నాయనా? వెళ్ళి తీసుకురా. వాళ్ళు నిలబడి ఉన్నారు."

కోపంగా అనలేదు. పని నేర్చుకోవడానికి వచ్చినవాడికి చెప్పినట్టు చెప్పాడు. లేదుగారు నోరు తెరిచాడు, అలవాటైన ఆ ఒక్క మాటా రాలేదు. కిటికీ తలుపు దగ్గరికి వేసి, కుర్చీ వెనక్కి నెట్టి, మేడ మీదికి వెళ్ళాడు. పైనున్న పెద్ద డాక్టరుగారు కిందికి వచ్చి ఊచల ముందు నిలబడేసరికి వరస ఇంకా అక్కడే ఉంది. ఎవరూ కదల్లేదు. డాక్టరమ్మ కూడా వచ్చి వాళ్ళలో నిలబడింది. ఈ దారాలు ఎవరు కట్టారని ఆయన అడిగితే, నేనంటే నేనని చేతులు లేచాయి.

అంతమాత్రాన మర్నాడే మందు రాలేదు. అడిగిన కాగితం పైనుంచి పైకి, అక్కణ్ణుంచి ఇంకా పైకి వెళ్ళి, వానలు పట్టాక మందు వచ్చింది. వచ్చింది కూడా అన్ని దారాలకీ సరిపడా రాలేదు. ముందు అడిగినవాళ్ళకి ముందన్నారు. కాజాలమ్మ వంతొచ్చినప్పుడు లేదుగారు పెట్టెతోపాటు తన బల్ల మీది కత్తెర కూడా ఊచల్లోంచి అందించాడు. ఆవిడ తన దారం ఒక్కటే వెతికి కత్తిరించుకుంది. మిగిలినవి అలాగే ఉన్నాయి. పాలబూత్ ఆవిడదీ అక్కడే ఉంది. ఆవిడ తల్లి మట్టుకు అప్పటికి లేదు. ఆ దారం తీసెయ్యమంటే, "వద్దు, అమ్మ కోసం అడిగాను, ఇవ్వలేదు. అది అలాగే కనపడనీండి" అంది పాలబూత్ ఆవిడ. వారం వారం కాజాలమ్మ ఇప్పటికీ వెళుతుంది, ఆ మిగిలిన దారాల తరఫున అడగడానికి.

పెట్టె ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున్న మాస్టారిని గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చోబెట్టింది. చొక్కా పైకెత్తి, పాతది తీసి, చోటు మార్చి, పూర్తి పట్టీ గుండ్రంగా అతికించింది. అంటుకునేదాకా అరచేత్తో అదిమి పట్టుకోవాలి. వీపు ఎముకలు చేతికి తగిలాయి. ఆయన కదలకుండా కూర్చున్నాడు.

"చెయ్యి పొందికగా ఉందండీ మీది" అన్నాడు కాసేపటికి. "పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"మీ దగ్గరే మాస్టారూ."

"మంచిది" అన్నాడాయన. తెరవైపు ఒకసారి చూసి, బొత్తాల డబ్బా దగ్గరికి లాక్కున్నాడు.